డేటాబేస్ ఎగిరిపోయింది, ఏటి చెయ్యాలి?

ప్రశ్న: నమస్కారం సార్. మాది పలాస, చిన్న జీడి ఫ్యాక్టరీ. తిత్లీ తుపానుకి కాగితం పుస్తకాలన్నీ తడిసి ముద్దయిపోతే మా నాన్న పట్టుబట్టి లెక్కలు కంప్యూటర్లోకి మార్పించాడు, పిక్కల బస్తాలు, పప్పు ఒలిచేవాళ్ల కిలోల లెక్క అంతా సర్వర్‌లో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. మొన్న టెస్టింగ్ డేటాబేస్ తీసేద్దామని డ్రాప్ కమాండ్ కొట్టాను, అది అసలు దాని మీద పడిపోయింది. బ్యాకప్ 12 రోజుల కిందటిది. శనివారం ఆడోళ్లకి కూలి డబ్బులివ్వాలి, నాన్నకింకా చెప్పలేదు. ఏటి చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, శనివారం దాకా ఆగే పని కాదు కాబట్టి నీ మెయిల్ చూసిన సాయంత్రమే నాలుగు ముక్కలు రాసి పంపాను, మిగతావాళ్లకీ పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నా.

ముందు బిల్లింగ్ ఆపించు, ఆ సర్వర్‌లోకి కొత్తగా ఏదీ ఎక్కకూడదు. తర్వాత డేటా ఫోల్డర్‌లో బిన్‌లాగ్ అన్న పేరుతో, చివర ఆరంకెల నంబరుతో ఫైళ్లున్నాయేమో చూడు. మైఎస్‌క్యూఎల్ 8 అయితే ఎక్కిన ప్రతి మార్పునీ నువ్వు అడక్కపోయినా అందులో వరసగా రాసుకుంటుంది, సెట్టింగ్ మార్చకపోతే 30 రోజులు ఉంచుతుంది, అంటే నీ 12 రోజులూ అందులో ఉన్నట్టే. 5.7 అయితే మాత్రం ఆ లాగ్ మనం ఆన్ చేసుకుని ఉంటేనే ఉంటుంది. ఉంటే ఆ ఫైళ్లు వెంటనే వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకో.

ఇప్పుడు పాత బ్యాకప్‌ని వేరే మెషీన్‌లో ఎక్కించు, అదే సర్వర్‌లో మాత్రం వద్దు, ఇక్కడే చాలామంది తొందరపడి ఉన్నది కూడా పోగొట్టుకుంటారు. మైఎస్‌క్యూఎల్‌బిన్‌లాగ్ అనే టూల్‌తో లాగ్ తెరిచి నువ్వు కొట్టిన డ్రాప్ ఏ పొజిషన్‌లో ఉందో వెతుకు, బ్యాకప్ తీసిన చోటి నుంచి సరిగ్గా దానికి ముందు దాకా మళ్లీ నడిపించు. స్టాప్ పొజిషన్ ఇవ్వడం మర్చిపోయావంటే ఆ డ్రాప్ కూడా నడిచి మొత్తం మళ్లీ పోతుంది, రెండుసార్లు సరిచూసుకో. లాగ్ ఫైళ్లు నాలుగైదు ఉంటే అన్నీ ఒకే కమాండ్‌లో వరసగా ఇవ్వు, విడివిడిగా వద్దు.

లాగ్ లేకపోతే దారి కష్టం. ఒక్కో టేబుల్ డేటా దాచుకోడానికి ఒక్కో ఐబీడీ ఫైలు ఉంటుంది, డ్రాప్ అయ్యాక కూడా దాని మీద కొత్త డేటా పడేదాకా డిస్క్‌లో ముక్కలు మిగిలే ఉంటాయి, అందుకని సర్వర్ ఆపేసి మొత్తం డిస్క్‌కి డీడీ అనే కాపీ టూల్‌తో ఇమేజ్, అంటే అచ్చుగుద్దినట్టు కాపీ, తీయించి ఆ ఇమేజ్ మీదే వెతికించాలి. డిస్క్ ఎస్‌ఎస్‌డీ అయి, తుడిచిన జాగాని ఖాళీ చేసేసే ట్రిమ్ నడుస్తుంటే పెద్దగా ఏమీ దొరకదు, డబ్బులు పోసే ముందు ఇది తెలుసుకో.

నాన్నకి ఈరోజే చెప్పెయ్. కాటా దగ్గర రాసిన చీటీలు, మేస్త్రి జేబు పుస్తకం ఎక్కడున్నాయో నీకన్నా ఆయనకే బాగా తెలుసు, లాగ్ దొరక్కపోయినా కూలి లెక్క వాటితో కట్టొచ్చు, ఒలిచినోళ్ల డబ్బులు ఆగకూడదు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ అనే కంపెనీలోనే ఒక ఇంజనీరు పొరపాటున వేరే సర్వర్ మీద 300 జీబీ దాకా తుడిచేశాడు, తీరా చూస్తే బ్యాకప్‌లు పనిచెయ్యట్లేదు, ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్, అంటే అప్పటి డేటా కాపీ, ఒక్కటి దొరికి బయటపడ్డారు, జరిగిందంతా దాచకుండా వాళ్లే బయటపెట్టారు.

ప్రశ్న: విజయనగరం నుంచి రాస్తున్నా. మా తమ్ముడు లినక్స్‌లో మైఎస్‌క్యూఎల్ డేటా ఫోల్డర్ని తుడిచేసే ఆర్‌ఎమ్ కమాండ్ కొట్టేశాడు, అయినా సర్వీస్ ఇంకా నడుస్తోంది. రీస్టార్ట్ చెయ్యమంటారా?

జవాబు: చెయ్యొద్దమ్మా, ముట్టుకోవద్దు. తెరిచి ఉన్న ఫైలుని తుడిచినా ఆ ప్రోగ్రామ్ వదిలేదాకా లినక్స్ దాన్ని డిస్క్‌లో ఉంచుతుంది. ప్రాక్ ఫోల్డర్‌లో మైఎస్‌క్యూఎల్ ప్రాసెస్ నంబరు కింద ఎఫ్‌డీ అని ఉంటుంది, డిలీటెడ్ అని చూపించే ఫైళ్లు అవే. మైఎస్‌క్యూఎల్‌ని కాదు, దాంట్లోకి డేటా ఎక్కించే అప్లికేషన్‌ని ఆపించి వాటన్నిటినీ వేరే డిస్క్‌లోకి కాపీ చేయించు. మైఎస్‌క్యూఎల్ రీస్టార్ట్ చేస్తే ఆ క్షణమే పోతాయి.