నెల గడిచినా కోడ్ మొదలవలేదు, ప్రాజెక్టు మార్చుకోనా?

ప్రశ్న: ఎంసీఏ ఆఖరి సెమిస్టర్ చదువుతున్నాను. అడ్మిషన్ల నుంచి సర్టిఫికెట్ల దాకా అన్నీ ఒకేచోట ఉండేలా మా యూనివర్సిటీకి సమాచార వ్యవస్థ తయారు చేయమని నలుగురికి ప్రాజెక్టు ఇచ్చారు. నెల నుంచీ మీటింగులు, సెక్షన్ల చుట్టూ తిరగడమే. ఒక్క లైన్ కోడ్ రాయలేదు. ఇంటర్వ్యూలో ఏం చూపించాలో తెలియక టెన్షన్‌గా ఉంది. వేరే ప్రాజెక్టు తీసుకోనా?

జవాబు: వద్దు. అలాగని మీ టెన్షన్‌కు అర్థం లేదనను, దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఒకటి చెప్పండి, ఎగ్జామ్ బ్రాంచ్‌లో ఎంతసేపు కూర్చున్నారు? జేఎన్టీయూ హాల్‌టికెట్ నంబర్‌నే తీసుకుందాం. మొదటి రెండు అంకెలు చేరిన సంవత్సరం. వాటిని బట్టి బ్యాచ్ తేల్చేయవచ్చు అనిపిస్తుంది. కానీ డిప్లొమా చదివి, ఈసెట్ రాసి లేటరల్ ఎంట్రీలో వచ్చినవాళ్లు నేరుగా రెండో సంవత్సరంలో చేరతారు. వాళ్ల నంబర్ 22తో మొదలైతే పక్క బెంచీవాళ్లది 21. క్లాసు మాత్రం ఒకటే. డిటెయిన్ అయి మళ్లీ చేరినవాళ్ల కథ ఇంకా చిక్కు: నంబర్ పాతదే, రెగ్యులేషన్ (సిలబస్, పరీక్షల నిబంధనలు) మారిపోవచ్చు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ కాలేజీకి సాఫ్ట్‌వేర్ చేస్తూ మా టీమ్ సరిగ్గా ఇక్కడే బోల్తా పడింది. లేటరల్ పిల్లలంతా జూనియర్ల జాబితాలోకి వెళ్లిపోయారు, ఫీజు లెక్కలు తప్పుల తడకయ్యాయి. అక్కడి సీనియర్ అసిస్టెంట్‌కు ఈ తేడా ఎప్పుడో తెలుసు. మేమే అడగలేదు.

అందుకే మీటింగులో అధికారులు చెప్పిన రూల్స్‌తో ఆగకండి. కౌంటర్ దగ్గర ఒక పూట నిలబడి, వచ్చిన ప్రతి అర్జీ ఎవరి టేబుల్ మీదికి వెళ్తోందో రాసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాల్సిన విద్యార్థిని బకాయి కింద చూపించాలా వద్దా? అది తేల్చాల్సింది మీరు కాదు. ఎవరు తేలుస్తారో మాత్రం కాగితం మీద ఉండాలి.

మీ గైడ్‌ను అడగాల్సింది ఇంకొకటి ఉంది: అసలు మొత్తం మనమే కట్టాలా? కేంద్ర విద్యా శాఖ ప్రాజెక్టుగా ఢిల్లీ యూనివర్సిటీలో తయారైన ‘సమర్థ్’ అనే యూనివర్సిటీ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను ఇప్పటికే చాలా యూనివర్సిటీలు వాడుతున్నాయి. అందులో ఏమేం ఉన్నాయో చూసి మీ పరిధి కుదించుకోండి. నలుగురు ఒక సెమిస్టర్‌లో యూనివర్సిటీ మొత్తాన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడం జరిగే పని కాదు. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను ఆన్‌లైన్ ఖాతాలో దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌ను 2021లో యూజీసీ తెచ్చింది. అందులోకి క్రెడిట్లు వెళ్లాలి కాబట్టి, ప్రతి విద్యార్థికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య అయిన అపార్ నంబర్‌కు మాత్రం ఇప్పుడే చోటు పెట్టండి.

ఇక టెన్షన్ సంగతి. ఫ్రెషర్లకు కోడింగ్ టెస్ట్ ఎలాగూ ఉంటుంది, డాక్యుమెంట్లు చూపిస్తే సరిపోదు. ఇంకో రెండు వారాల్లో, సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో రాసిన అవసరాల పత్రం మీద సంబంధిత అధికారి సంతకం తీసుకోండి. తర్వాత ఒక చిన్న పని, బోనఫైడ్ సర్టిఫికెట్ జారీ లాంటిది, మీ చేతులతో మొదటి నుంచి చివరిదాకా కట్టండి. రోజూ గంటసేపు కోడింగ్ సాధన విడిగా సాగాలి. ఇంటర్వ్యూలో ఆ లేటరల్ ఎంట్రీ చిక్కులాంటిది మీరు కనిపెట్టింది ఒక్కటి చెప్పగలిగితే, బిజినెస్ అనలిస్ట్ ఉద్యోగానికీ పనికొస్తుంది.

టెస్టింగ్ కోసమని పిల్లల ఆధార్, కులం వివరాలు మీ ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకోవద్దు. కల్పిత పేర్లతో ఓ యాభైమందిని తయారు చేసుకోండి. వాళ్లలో లేటరల్ వాళ్లు, డిటెయిన్ అయినవాళ్లు తప్పకుండా ఉండాలి.