ఫోన్ చెప్పేస్తుంటే ఇటాలియన్ నేర్చుకోవడం ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం రెండో సంవత్సరం. సరదాగా మొదలుపెట్టిన ఇటాలియన్ ఇప్పుడు ‘ట్రాన్స్‌లేటర్‌ని అవుతా’ననే దాకా వచ్చింది. మొన్న ‘లెఫ్టోవర్స్’ అన్న ఒక్క మాటకు ఇటాలియన్ వెతుకుతూ సాయంత్రమంతా కూర్చుంది. ఫోన్ క్షణంలో చెప్తుంది కదా! అనువాదం మంచిదా, కన్సల్టెన్సీ వాళ్లు చెప్పినట్టు ఇటలీలో ఫ్రీగా మాస్టర్స్ మంచిదా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఫోన్ ‘అవాంత్సి’ అని చెప్పి ఉంటుంది. ఫ్రిజ్‌లో దాచిన నిన్నటి కూరకైతే అది సరిపోతుంది. బట్టల కొట్లో మిగిలిన ముక్కలైతే ‘స్కాంపొలి’. సంవత్సరాంతంలో గోడౌన్‌లో మిగిలిన సరుకును లెక్కల పుస్తకంలో ‘రిమనెంత్సె’ అని రాస్తారు. ‘రెస్తి’ అంటే కొన్నిచోట్ల మృతదేహం అవశేషాలు. హోటల్ మెనూలో ఆ మాట పడితే ఏమవుతుందో ఆలోచించండి. మిగిలింది ఏమిటో తెలిస్తే తప్ప మాట తేలదని మీ అమ్మాయికి అర్థమైంది, అందుకే అంతసేపు కూర్చుంది. దాన్ని మీరు కాలక్షేపం అంటున్నారు. అదే సాయంత్రం రీల్స్ చూస్తూ గడిపితే నాకు ఉత్తరం రాసేవారా?

అయితే మీ భయం ఉత్తదేం కాదు. మామూలు అనువాదం చాలావరకు యంత్రం చేతికి పోయింది. అది రాసినదాన్ని మనిషి దిద్దే పనే ఇప్పుడు ఎక్కువ, దానికి ఇచ్చే రేటూ తక్కువే. పైగా ఈ వృత్తిలో ఎవరైనా సాధారణంగా తమ సొంత భాషలోకే అనువదిస్తారు. ఇంగ్లిష్ నుంచి ఇటాలియన్‌లోకి వెళ్లే పని ఇటలీ వాళ్లకే పోతుంది, మన పిల్లలకు దొరికేది ఇటాలియన్ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చే పని. ఒట్టి అనువాదాన్ని నమ్ముకోమని నేను చెప్పను. కానీ బీకాం చదివి, ఇటాలియన్ ఇన్వాయిస్, కాంట్రాక్టు చదవగలిగిన మనిషిని ఎగుమతి దిగుమతుల వ్యాపారంలో తేలిగ్గా వదులుకోరు. సియెనాలోని విదేశీయుల విశ్వవిద్యాలయం ఇచ్చే చిల్స్ గానీ, పెరూజాలోని అలాంటి విశ్వవిద్యాలయం ఇచ్చే చెలి గానీ (రెండూ ఇటాలియన్ భాషా పరీక్షలే), భాష బాగా వచ్చినట్టు లెక్కపెట్టే బీ2 స్థాయి దాకా చేయనివ్వండి. బీకాం మాత్రం మాననివ్వకండి.

ఇక ఆ ‘ఫ్రీ’ సంగతి. ఈ మధ్య నన్ను అడగని తండ్రి లేడు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది, చాలామందికి బాగా తగ్గుతుంది, నిజమే. స్కాలర్‌షిప్ కథ వేరు. అది ప్రాంతాల వారీగా ఇస్తారు. అర్హుల జాబితాలో పేరున్నా, నిధులు చాలక డబ్బు అందనివాళ్లు ఉంటారు. మొదటి ఏడాది చెప్పినన్ని క్రెడిట్లు రాకపోతే అందుకున్నదీ తిరిగి కట్టాల్సి రావచ్చు. మిలాన్‌లో గది అద్దె గురించి కన్సల్టెన్సీ బ్రోచర్‌లో ఎక్కడుందో వెతకండి. క్లాసులు ఇంగ్లిష్‌లో చెప్పినా, చదువయ్యాక చాలా ఉద్యోగాలకు ఇటాలియన్ అడుగుతారు. భాష రాకుండా వెళ్లినవాళ్లు రెండేళ్లు చదివి తెల్లమొహం వేసేది అక్కడే.

రెండింటినీ పోల్చమన్నారు. పోల్చడానికి పెద్దగా ఏమీ లేదు, మీరు వద్దంటున్న ఇటాలియనే మీరు పంపాలనుకుంటున్న ఇటలీలో ఆమెకు పనికొచ్చేది. డిగ్రీ అయ్యేదాకా ఇంకా టైముంది, కంగారు పడకండి. ఈలోగా ఆ కన్సల్టెన్సీ వాళ్లను, ఏ ప్రాంతం స్కాలర్‌షిప్, అది రాకపోతే ఏడాదికి మొత్తం ఖర్చెంత అని కాగితం మీద రాసిమ్మని అడగండి. రాసివ్వకపోతే అడ్వాన్స్ కట్టకండి.