నడుము బెల్టు అలవాటుతో గల్ఫ్‌కు వస్తున్న తమ్ముళ్లకు

ప్రశ్న: అన్నా, మాది రాజంపేట దగ్గర పల్లె. కువైట్‌కు స్కాఫోల్డింగ్ (పైకెక్కి పని చేయడానికి కట్టే పరంజా) హెల్పర్‌గా వస్తాండా. కడపలో అపార్ట్‌మెంట్ల పనికి పోయినప్పుడు నడుముకు బెల్టు కట్టి తాడు ఏసుకునేవాళ్లం. ఆడ ఫుల్ బాడీ హార్నెస్, అదే ఒళ్లంతా పట్టే పట్టీల బెల్టు, లేనిదే పైకి ఎక్కనీయరంట కదా? ఈడనే ఒకటి కొనుక్కుని వచ్చేదా?

జవాబు: కొనొద్దు తమ్ముడూ. అది కంపెనీ ఇవ్వాల్సిన సామాను. పెద్ద సైట్లలో ప్రతి హార్నెస్‌కూ సీరియల్ నంబరు, తనిఖీ రికార్డు ఉంటాయి. ఆ లెక్కలో లేనిదాన్ని తొడుక్కుని పోతే సేఫ్టీవాళ్లు అక్కడే విప్పిస్తారు. ఆ డబ్బు ఇంట్లో ఇచ్చిరా.

నడుము బెల్టు సంగతి మాత్రం ఇప్పుడే మర్చిపో. అంచు దాకా పోకుండా ఆపడానికి అది పనికొస్తుందేమో గానీ, పడ్డవాణ్ని పట్టడానికి పనికిరాదు. పడినప్పుడు దెబ్బంతా నడుము మీదే పడుతుంది. మనిషి రెండుగా మడుచుకుపోతాడు, లోపలి అవయవాలు నలుగుతాయి, ఒక్కోసారి బెల్టులోంచి జారిపోతాడు కూడా. అందుకే అమెరికాలో 1998 జనవరి 1 నుంచి పడ్డవాణ్ని పట్టడానికి నడుము బెల్టు వాడకాన్ని నిషేధించారు. హార్నెస్ అయితే ఆ దెబ్బను తొడలకు, పిరుదులకు, ఛాతీకి, భుజాలకు పంచుతుంది.

తొడుక్కునేటప్పుడు ముందు వీపు మీద వచ్చే డి-రింగ్ (D ఆకారపు లోహపు రింగు) పట్టుకుని ఎత్తి, ఒకసారి విదిలించు. మెలికలు వాటంతటవే విడిపోతాయి. చొక్కా మాదిరి రెండు చేతులూ దూర్చు. కాళ్ల పట్టీలను తొడల మధ్య నుంచి ముందుకు తెచ్చి, ఏ కాలిది ఆ కాలికే పెట్టు. తొందరలో తారుమారవుతాయి, అప్పుడు వేలాడే క్షణంలో గజ్జల్లో కోసుకుపోతుంది. పట్టీకి, తొడకు మధ్య అరచేయి పరిచి దూరిస్తే పట్టాలి, పిడికిలి బిగిస్తే పట్టకూడదు. బిగువుకు అదే కొలత. ఛాతీ పట్టీ రొమ్ము మధ్యలో ఉండాలి. పైకి పోతే గొంతుకు తగులుతుంది, మరీ కిందికి దిగినా వదులైనా తలకిందులుగా పడినప్పుడు భుజాల పట్టీలు జారిపోతాయి. డి-రింగ్ సరిగ్గా రెండు భుజపుటెముకల మధ్య ఉండాలి. అది నీకు కనపడదు కాబట్టి పక్కనోణ్ని చూడమను, వాడిది నువ్వు చూడు. ఎండకు ఉడికిపోతోందని కాళ్ల పట్టీలు వదులు చేసుకుని తిరిగేవాళ్లు చాలామంది కనపడతారు. వాళ్లను చూసి నేర్చుకోవద్దు.

ఇంతా చేసి లాన్‌యార్డ్ (వీపు మీది డి-రింగ్‌కు తగిలించే తాడు) కొనకుండే హుక్ తప్పు చోట వేస్తే అంతా దండగ. సైటులో పొద్దస్తమానం "హుక్ లగావ్" అని అరుస్తుంటారు, ఎక్కడ లగాయించాలో చెప్పేవాళ్లు తక్కువ. సరిగ్గా నెత్తికి పైన ఉన్న గట్టి ఉక్కు దూలానికో, హుక్‌లు వేసుకోవడానికని సైటువాళ్లు కట్టిన లైఫ్‌లైన్ తాడుకో వెయ్యాలి. అమెరికా నిబంధన ప్రకారం ఆ పట్టు ఒక్కో మనిషికి 5000 పౌండ్లు, అంటే దాదాపు 2270 కిలోలు, ఆపగలగాలి. కేబుల్ ట్రే, కరెంటు పైపు, సన్న నీళ్ల పైపు, నిచ్చెన మెట్టు, ఇవేవీ దాన్ని ఆపవు. పక్కకు దూరంగా వేస్తే పడ్డాక ఉయ్యాల మాదిరి ఊగి పోయి స్తంభానికి కొట్టుకుంటావు. పాదాల దగ్గర వేస్తే లాన్‌యార్డ్ పొడవుకు దాదాపు రెండింతలు పడ్డాకే అది బిగుస్తుంది.

ఆ లాన్‌యార్డ్‌కు ఒంటి వైపు సంచి లాంటిది ఉంటుంది చూడు, అదే షాక్ అబ్జార్బర్. పడినప్పుడు దాని కుట్లు వరసగా విడిపోతూ దెబ్బను మింగుతాయి. యూరప్ ప్రమాణం ఈఎన్ 355 ప్రకారం ఒంటి మీద పడే దెబ్బ 6 కిలోన్యూటన్లు, అంటే సుమారు 600 కిలోల బరువు, దాటకూడదు. దానికోసం ఆ సంచి 1.75 మీటర్ల దాకా సాగొచ్చు. ఇప్పుడు లెక్కెయ్యి: లాన్‌యార్డ్ 2 మీటర్లు, సాగేది 1.75, డి-రింగ్ నుంచి నీ పాదాల దాకా 1.5, అదనంగా ఒక మీటరు జాగ్రత్తకు. హుక్ వేసిన చోటు నుంచి కిందికి 6.25 మీటర్లు ఖాళీ కావాలి. మన లెక్కలో రెండంతస్తుల మిద్దె ఎత్తు. మూడు మీటర్ల ఎత్తులో మామూలు లాన్‌యార్డ్ తగిలించుకుని ధైర్యంగా ఉన్నవాడు పడితే, అది పూర్తిగా పట్టేలోపే నేల తగులుతుంది. అలాంటి చోట అంచు దాకా పోనీయని పొట్టి తాడో, తాడును తనలోకి చుట్టుకుంటూ, ఒక్కసారిగా లాగితే లాక్ అయ్యే రిట్రాక్టబుల్ బ్లాకో అడుగు. రెండు లాన్‌యార్డ్‌లు కలిపి పొడవు చేసుకోవద్దు, ముడి వేసి పొట్టి చేసుకోనూ వద్దు. ముడి పడిన చోట బలం బాగా తగ్గుతుంది.

స్కాఫోల్డింగ్ పనిలో రెండు హుక్‌ల లాన్‌యార్డ్ ఇస్తారు. ఒకటి తీసేముందు రెండోది వేసి ఉండాలి. దీంట్లో ఒక మోసం ఉంది. ఖాళీగా ఉన్న హుక్‌ను చాలామంది నడుము పక్కనుండే డి-రింగ్‌కు తగిలించుకుంటారు. పడినప్పుడు లాన్‌యార్డ్ రెండో తాడు మీదుగా బరువు నేరుగా పడి, షాక్ అబ్జార్బర్ తెరుచుకోకుండానే దెబ్బ ఒంటికి తగలొచ్చు. ఛాతీ దగ్గర ప్లాస్టిక్‌తోనో మెత్తని పట్టీతోనో పార్కింగ్ చోటు ఉంటుంది. లాగితే ఊడిపోవడానికే దాన్ని అట్లా చేశారు. ఖాళీ హుక్ అక్కడే పెట్టు.

పడి వేలాడేవాడు బతికాడని జనం వదిలేస్తారు. అది ప్రమాదం. కాళ్లు కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలోనే ఆగి, కొన్ని నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. కాళ్లు ఆడిస్తూ ఉండాలి, హార్నెస్‌కు కాలు పెట్టుకునే పట్టీ ఉంటే దాంట్లో నిలబడాలి. దించాక బాగున్నట్టే కనపడినా ఆసుపత్రికి పోవాల్సిందే. ఒంటరిగా పైకి ఎక్కొద్దని చెప్పేది ఇందుకే. పర్మిట్ (ఆ పనికిచ్చే అనుమతి కాగితం) మీద సంతకం పెట్టేముందు ఫోర్‌మన్‌ను అడుగు, నేను వేలాడితే దించేదెవరు, దేంతో అని.

ఇక రోజూ చూసుకోవాల్సింది. పట్టీని రెండు చేతుల్తో తిరగేసిన గుర్రపునాడా మాదిరి వంచి, అంగుళం అంగుళం చూడు. కోతలు, లేచిన పోగులు, తెగిన కుట్లు వంపులోనే బయటపడతాయి. గట్టిగా మెరిసే మచ్చ ఉంటే వెల్డింగ్ నిప్పురవ్వ పడి పాలిస్టర్ కరిగినట్టు. హుక్ నోరు వదిలితే దానంతట అదే మూసుకుని లాక్ అవ్వాలి. ఇసుక, సిమెంటు చేరితే సగంలో ఆగిపోతుంది. అబ్జార్బర్ సంచి చిరిగినా, లేబుల్ లేకపోయినా పక్కన పెట్టు. ఒకసారి పడ్డవాణ్ని పట్టిన హార్నెస్, లాన్‌యార్డ్ రెండూ చూడడానికి కొత్తగా ఉన్నా ఇంక వాడకూడదు. లేబుల్ మీద బరువు పరిమితి కూడా చదువు, అది నీ ఒళ్లు, పనిముట్లు కలిపి. యూరప్ ప్రమాణం ఈఎన్ 361 ప్రకారం హార్నెస్‌ను 100 కిలోల బొమ్మతో పరీక్షిస్తారు, కొన్ని కంపెనీలు 140 దాకా రాస్తాయి.

ఉప్పు పట్టిన చెమట హార్నెస్‌ను బిరుసు చేస్తుంది. గోరువెచ్చని నీళ్లు, మెత్తని సబ్బు చాలు. బ్లీచ్ వద్దు, మార్కర్‌తో పేరు రాయొద్దు. కడిగాక క్యాంపు మిద్దె మీద ఎండలో ఆరేయకుండా నీడలో వేలాడదీయి. అక్కడి ఎండకు పట్టీ రంగుతోపాటు బలం కూడా పోతుంది.