వీడియో ఇంటర్వ్యూకి ఏమేం కొనాలి అని అడిగిన చెల్లికి

సందేహం: అక్కా, ఆగస్టులో ఎమ్మెస్‌కి టెక్సస్‌లోని డెంటన్ వచ్చాను. సమ్మర్ ఇంటర్న్‌షిప్ కోసం నా మొదటి వీడియో ఇంటర్వ్యూ వచ్చే గురువారం. ల్యాప్‌టాప్ బీటెక్‌లో ఉండగా కొన్నది. వెబ్‌క్యామ్, రింగ్ లైట్, నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌సెట్, గ్రీన్ స్క్రీన్ కార్ట్‌లో పెట్టాను. మొత్తం 240 డాలర్లు అవుతోంది. ఇవి సరిపోతాయా, ఇంకేమైనా కావాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ కార్ట్ మూసెయ్యి చెల్లీ. 240 డాలర్లంటే నీకు నెల సరుకులు వచ్చేస్తాయి. నువ్వు పడుకున్నా నీ ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ పడుకోదు. సరిపోతాయా అని అడిగావు గానీ, చేతిలో ఉన్నవి పనిచేస్తున్నాయో లేదో చూసుకున్నానని ఒక్క మాట కూడా రాయలేదు. ఇప్పుడొచ్చే పిల్లలంతా ఇంతే, టెన్షన్ రాగానే ఏదో ఒకటి ఆర్డర్ పెట్టేస్తారు. నేను వచ్చిన కొత్తలో నాదీ అదే బాపతు కాబట్టి ఆ కథ కాస్త వివరంగా చెబుతాను, విను.

నేను ఖమ్మం నుంచి వచ్చింది 2013లో. ఆ ఆగస్టు నెలాఖరులో డాలరు 68 రూపాయలు దాటింది. నాన్న వాతావరణ వార్తల్లాగా రోజూ ఫోన్లో రేటు చదివి వినిపించేవారు. అలాంటి రోజుల్లో, మొదటి ఇంటర్వ్యూ ఖాయం కాగానే దుకాణానికి వెళ్లి 80 డాలర్లు పెట్టి వెబ్‌క్యామ్ కొన్నాను. 68తో గుణించుకో. ఐదు వేల నాలుగు వందల పైమాట. ల్యాప్‌టాప్‌కి కెమెరా ఉంది, అది బాగానే పనిచేస్తోంది కూడా. అయినా అమెరికా వాళ్ల ముందు దాంతో కూర్చుంటే చిన్నతనంగా ఉంటుందని ఎవరో అన్నారు, నేను నమ్మాను.

అప్పట్లో ఇంటర్వ్యూలు ఎక్కువగా స్కైప్‌లోనే జరిగేవి. దాన్ని 2025 మే నెలలో మూసేశారు. అందులో ఎకో టెస్ట్ అని ఒక నంబరు ఉండేది. మాట్లాడితే రికార్డు చేసి మన గొంతే మనకు వినిపించేది. ముందు రోజు రాత్రి రూమ్మేట్లంతా పడుకున్నాక హెడ్‌సెట్ పెట్టుకుని టెస్ట్ చేశాను. గంట కొట్టినట్టు వినిపించింది. ఇంకేముందని పడుకున్నాను. వెబ్‌క్యామ్ డబ్బా మాత్రం మర్నాడు పొద్దున ఇంటర్వ్యూకి కాస్త ముందు విప్పాను.

తప్పు అక్కడే జరిగింది. ఆ వెబ్‌క్యామ్‌లో దాని మైకు దానికి ఉంది. కొత్త పరికరం తగిలించగానే కంప్యూటర్ ఒక్కోసారి నిన్ను అడక్కుండానే దాన్నే డిఫాల్ట్‌గా తీసేసుకుంటుంది. పెదాల దగ్గర హెడ్‌సెట్ మైకు ఊరికే వేలాడుతుంటే, నా మాటలు ఏసీ వెంట్ కింద ఉన్న వెబ్‌క్యామ్ నుంచి పోతున్నాయి. అవతలాయన "బయట నిలబడి మాట్లాడుతున్నారా, బాగా గాలి వీస్తోంది" అన్నాడు. నేను ఇంకా గట్టిగా అరిచి చెప్పాను. ఈలోపు వంటింట్లో ఒకమ్మాయి పప్పు వేడి చేసుకోవడానికి మైక్రోవేవ్ ఆన్ చేసింది. మా రౌటర్ దాని పక్కనే ఉండేది. మైక్రోవేవూ పాత రకం వైఫై సిగ్నలూ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి. ఆ పప్పు వేడెక్కినంతసేపూ నా బొమ్మ నోరు తెరుచుకుని అలాగే ఆగిపోయిందట. ఇంకొకమ్మాయి పక్క గదిలో సినిమా చూస్తోంది. అర్ధరాత్రి చేసిన టెస్టులో ఇవేవీ లేవు కదా.

చివరికి ఆయన మర్యాదగానే, ఫోన్ చేస్తాను, అందులో మాట్లాడదామన్నాడు. నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఫోన్ మోగింది ఖమ్మంలో. అప్లికేషన్‌లో ఇంకా ఇండియా నంబరే ఉంది. అక్కడ రాత్రి పది కావస్తోంది. "అమ్మాయి అమెరికాలో ఉందండీ" అని నాన్న తెలుగులో చెప్పి పెట్టేశారు. ఆ ఉద్యోగం ఎలాగూ రాలేదు. డబ్బా చింపేశారు కాబట్టి వెబ్‌క్యామ్ వెనక్కి తీసుకోవడం కుదరదని దుకాణం వాళ్లూ అన్నారు. ఉద్యోగం పోయిన బాధ వారంలో తగ్గింది గానీ ఆ 80 డాలర్లు ఇప్పటికీ గుర్తొస్తాయి.

తర్వాతి ఇంటర్వ్యూకి ఒక్క సెంటు ఖర్చు పెట్టలేదు. లైబ్రరీ గది బుక్ చేసుకుని, ఆ పాత ల్యాప్‌టాప్ కెమెరాతోనే మాట్లాడి ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇప్పుడు ఇర్వింగ్‌లో అవతలి కుర్చీలో కూర్చుని నేనే ఇంటర్వ్యూలు చేస్తున్నాను కాబట్టి చెబుతున్నా: బొమ్మ కాస్త మసకగా ఉంటే ఎవరూ పట్టించుకోరు. మాట తెగిపోతుంటే మాత్రం కాసేపటికి అడగడం ఆపేస్తారు. అందుకని నీ శ్రమంతా ముందు మైకు మీద పెట్టు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వద్దు. మైకు ఆన్ కాగానే వాటిలో చాలావాటికి సౌండ్ నాణ్యత పడిపోతుంది. ఫోన్ మోగితే అవి ఫోన్ వైపు దూకేస్తాయి. ఛార్జింగ్ అయిపోతుందన్న భయం వేరే. డ్రాయర్లో వైరు ఇయర్‌ఫోన్స్ పడుంటే చాలు. లేకపోతే పది డాలర్ల లోపు దొరుకుతాయి. నేను ఒప్పుకునే ఖర్చు అదొక్కటే.

టెస్టు ఎక్కడ చేసుకోవాలంటే, అన్నిటిలోనూ ఉచితంగానే ఉంది. జూమ్ అయితే జూమ్ డాట్ యుఎస్ స్లాష్ టెస్ట్ అని బ్రౌజర్‌లో కొడితే ఉత్తుత్తి మీటింగ్ తెరుచుకుంటుంది, స్పీకరు, మైకు రెండూ అక్కడే చూసుకోవచ్చు. టీమ్స్‌లో సెట్టింగ్స్, డివైసెస్‌లోకి వెళ్తే టెస్ట్ కాల్ ఉంటుంది. గూగుల్ మీట్‌లో చేరే ముందు పేజీలోనే ఆడియో, వీడియో సరిచూసుకోమని అడుగుతుంది. నీ ఇంటర్వ్యూ దేన్లో ఉందో దాన్లోనే చెయ్యి. ఒకదాంట్లో మైకు పలికిందని ఇంకోదాంట్లో పలకాలని లేదు, దేని సెట్టింగ్ దానిదే. గురువారం ఏ టేబుల్ దగ్గర కూర్చుంటావో అక్కడే, అదే వైఫై మీద, అదే వేళకి చూసుకో. ఇంటర్వ్యూ పదకొండింటికైతే బుధవారం పదకొండింటికి చెయ్యి. రూమ్మేట్లు లేచి తిరిగే వేళకి నీ నెట్ ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది.

స్పీడ్ ప్లాన్ పెంచుకుందామా అని నీ తర్వాతి ప్రశ్న వస్తుందని తెలుసు. వద్దు. ఇద్దరి మధ్య మామూలు హెచ్‌డీ వీడియోకి జూమ్ అడిగేది సెకనుకు 1.2 మెగాబిట్లు. బాగా స్పష్టంగా కావాలన్నా నాలుగు దాటదు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేది డౌన్‌లోడ్ స్పీడు, నీ ముఖం అవతలికి వెళ్లేది అప్‌లోడ్‌లో. స్పీడ్ టెస్టులో రెండో అంకె చూడు. అది బాగానే ఉండి బొమ్మ ఆగుతోందంటే తేడా వైఫైలో ఉంది. రౌటర్ దగ్గరికి జరుగు, 5 గిగాహెర్ట్జ్ పేరు కనిపిస్తే దానికి మారు, లేదా ఈథర్‌నెట్ వైరు తగిలించు. ఆ గంటసేపు సినిమాలు ఆపమని రూమ్మేట్లను అడగడానికి మొహమాటపడకు. నెట్ బిల్లు నువ్వూ కడుతున్నావు.

రింగ్ లైట్ సంగతి. నువ్వు కళ్లజోడు పెట్టుకుంటావో లేదో తెలీదు గానీ, పెట్టుకుంటే రెండు అద్దాల్లో రెండు తెల్ల చక్రాలు కనిపిస్తాయి. కిటికీ ఎదురుగా కూర్చో, కిటికీ నీ వెనకాల ఉండకూడదు. ల్యాప్‌టాప్ కింద రెండు లావు పుస్తకాలు పెడితే కెమెరా కళ్ల ఎత్తుకి వస్తుంది. లేకపోతే అవతలివాళ్లకు నీ ముక్కు రంధ్రాలూ, పైన సీలింగ్ ఫ్యానూ కనిపిస్తాయి. గ్రీన్ స్క్రీన్ బదులు వెనకాల బియ్యం బస్తా, ఆరేసిన బట్టలు తీసెయ్. అదీ కుదరదంటే మీ యూనివర్సిటీ విల్లిస్ లైబ్రరీలో స్టడీ రూమ్ బుక్ చేసుకో. ఆ ఫీజులు నువ్వు కట్టేశావు, వాడుకోవేం? నీ ల్యాప్‌టాప్ నిజంగా మొరాయిస్తే లైబ్రరీల్లో అప్పుగా కూడా ఇస్తారు, అడుగు. కెమెరా ఒక్కటే పాడైతే ఫోన్‌నే కెమెరాగా పెట్టుకోవచ్చు. ఐఫోన్, మ్యాక్ ఉంటే ఆ సదుపాయం అందులోనే ఉంది. విండోస్ 11కి ఆండ్రాయిడ్ ఫోన్‌ని కూడా అలా కలపొచ్చు.

ఒంటరిగా టెస్టు చేసుకుంటే తెలియనివి కొన్ని ఉన్నాయి. ఒకటి నీ పేరు. మొన్న ఒకబ్బాయి నా ఇంటర్వ్యూకి "చిన్నూ" అన్న పేరుతో వచ్చాడు. ఏ బంధువుల పుట్టినరోజుకో పెట్టుకున్నట్టున్నాడు. రెండోది స్క్రీన్ షేర్. మ్యాక్‌లో దానికి సెట్టింగ్స్‌లో విడిగా అనుమతి ఇవ్వాలి. ఇచ్చాక యాప్‌ని మూసి మళ్లీ తెరవమంటుంది. అంటే ఇంటర్వ్యూ మధ్యలో నువ్వు బయటికి పోయి రావాలి. కోడింగ్ చూపించమనే వాళ్ల దగ్గర ఇది జరిగితే చెమటలు పడతాయి. మూడోది గడియారం. ఇండియాలో కొన్న ల్యాప్‌టాప్ కదా, టైమ్ జోన్ మార్చావా? క్యాలెండర్ ఇంకా భారత కాలమానమే చూపిస్తుంటుంది. న్యూజెర్సీ వాళ్లు పదకొండు ఈస్టర్న్ (తూర్పు తీరం టైమ్) అంటే టెక్సస్‌లో నీకు పది. పైగా ఇక్కడ మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గడియారాలు మారతాయి. ఖమ్మానికీ మనకీ తేడా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర.

నెట్ పూర్తిగా పోతే ఏం చెయ్యాలో కూడా ముందే చూసి పెట్టుకో. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఒకసారి ప్రయత్నించు. గంట వీడియోకి సుమారు ఒక జీబీ అనుకో. నీ ప్రీపెయిడ్ ప్లాన్‌లో హాట్‌స్పాట్‌కి ఎంత ఇచ్చారో చూడు, దాటితే స్పీడు పడిపోవడమో ఛార్జీ పడడమో జరుగుతుంది. ఆహ్వానంలో చాలాసార్లు కింద ఒక ఫోన్ నంబరు, మీటింగ్ ఐడీ ఉంటాయి, నెట్ లేకపోయినా మామూలు ఫోన్ కాల్‌తో మీటింగ్‌లో చేరడానికి. రెండూ కాగితం మీద రాసుకో, ల్యాప్‌టాప్ ఆగిపోయాక మెయిల్ తెరవలేవు. ఆ నంబరుకి అమెరికా సిమ్ నుంచే చెయ్యి. రోమింగ్‌లో ఉన్న ఇండియా సిమ్ నుంచి చేస్తే వచ్చే బిల్లుకి నీ కార్ట్ చిన్నదనిపిస్తుంది. రెజ్యూమెలో ఏ నంబరుందో కూడా చూసుకో, మా నాన్నకి ఇప్పుడు ఓపిక లేదు.

ఇంకో మాట. ఫలానా అంత ఇస్తే పక్కన కూర్చుని జవాబులు అందిస్తామనే వాళ్లు నీకూ తగులుతారు. వాళ్ల ఫోన్ ఎత్తకు. అవతల కూర్చున్నవాళ్లకు కళ్లు ఎటు పోతున్నాయో తెలిసిపోతుంది, డబ్బూ పోతుంది, పేరూ పోతుంది. సీపీటీ (చదువుతుండగా ఇంటర్న్‌షిప్ చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) సంగతులు మీ డీఎస్ఓని, అంటే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని అడుగు, వెబ్‌సైటులోనూ ఉంటాయి. అవి నేను చెప్పక్కర్లేదు.

శనివారం పొద్దున పది తర్వాత నాకు ఖాళీ. నువ్వే మీటింగ్ పెట్టి లింకు పంపు, స్క్రీన్ షేర్ చెయ్యి, ఎలా వినిపిస్తున్నావో నేను చెబుతాను. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు కట్ అయిపోతుంది. ఆ లెక్క మీటింగ్ పెట్టినవాళ్ల ఖాతాది, కాబట్టి గురువారం దాని బాధ కంపెనీ వాళ్లదే, నువ్వు ప్రో (డబ్బు కట్టే ఖాతా) కొననక్కర్లేదు. శనివారం కట్ అయితే ఇంకో మీటింగ్ పెట్టుకుందాం.