పెదాల మంటకు వేడే కారణమా?

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె, నా వయసు 34. నెల రోజులుగా పెదాలు ఎండి, ఎర్రబడి మండుతున్నాయి. పొట్టు లేస్తోంది, చుట్టూ చర్మం కూడా నల్లబడుతోంది. వేడి చేసిందని అత్తమ్మ సబ్జా నీళ్లు ఇస్తోంది. మెడికల్ షాపులో ఇచ్చిన చల్లటి లిప్ బామ్ పూస్తే ఆ నిమిషం హాయిగా ఉండి, తర్వాత ఇంకా మండుతోంది. తోటలో కోతలు కదా, రోజూ తోతాపురి కాయలు ఉప్పూకారంతో తింటున్నాం. బీ కాంప్లెక్స్ వాడితే తగ్గుతుందా?

జవాబు: కాయలు కోసుకుని తింటున్నారా, లేక తొక్కతోనే కొరికేస్తున్నారా అమ్మా? మామిడి కూడా జీడిమామిడి కుటుంబం చెట్టే. తొక్కలోనూ తొడిమ దగ్గర కారే సొనలోనూ కొందరి చర్మానికి పడని పదార్థాలుంటాయి, కొరికినప్పుడు అవి పెదాలకూ చుట్టూ చర్మానికీ అంటుకుంటాయి, మంట మాత్రం ఒకటి రెండు రోజులు ఆగి మొదలవుతుంది కాబట్టి కాయ మీద అనుమానమే రాదు. తగ్గేదాకా మామిడి మానేయండి, కోతల్లో సొన అంటిన చేత్తో మూతి తుడుచుకోకండి. తర్వాత కూడా వేరేవాళ్లు తొక్క తీసిచ్చిన ముక్కలే తినండి.

ఇంకొకటి నాలుక. ఎండిన పెదాన్ని నాకితే క్షణం సుఖంగా ఉంటుంది, కానీ ఉమ్ము ఆరుతూ పెదంలో ఉన్న తేమను కూడా పట్టుకుపోతుంది. పొట్టు పీకడం కూడా ఆపాలి, ఎంత చెయ్యి లాగినా సరే. చల్లటి బామ్‌లో ఉండే మెంథాల్, కర్పూరం పుండు మీద మంట పెంచుతాయి, దాన్ని పక్కన పెట్టి వాసన లేని మామూలు పెట్రోలియం జెల్లీ రోజుకు ఐదారుసార్లు, పడుకునే ముందు కాస్త మందంగా రాయండి. ఘాటైన పుదీనా, దాల్చినచెక్క టూత్‌పేస్టు కూడా మార్చి చూడండి. వాపు ఎక్కువగా ఉంటే డాక్టరు కొద్ది రోజులకు తక్కువ పవరు స్టెరాయిడ్ పూతమందు రాసిస్తారు. షాపులో అడిగి తెచ్చుకునే ‘అన్నిటికీ ఒకటే’ క్రీములు మాత్రం దయచేసి వద్దు, వాటిలో చాలావరకు బలమైన స్టెరాయిడ్ ఉంటుంది, ముఖం చర్మం పాడవుతుంది.

బీ కాంప్లెక్స్ లోపం ఉన్నవాళ్లకే పనిచేస్తుంది. మీరు చెప్పిన లక్షణాలు అలా లేవు. నోటి మూలలు చిట్లితే అప్పుడు ఫంగస్, రక్తహీనత, షుగర్ చూపించుకోవాలి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ బిళ్లలు వాడుతుంటే వాటివల్లా పెదాలు ఎండుతాయి.

పదిహేను రోజుల్లో తేడా కనబడకపోయినా, కింది పెదవి మీద గట్టి తెల్లమచ్చో మూడు వారాలకు మానని పుండో ఉన్నా ఆలస్యం చేయకుండా చర్మ డాక్టరును కలవండి. తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు మీరు వాడిన బామ్, టూత్‌పేస్టు సంచిలో వేసుకెళ్లండి.