కంచం, బార్, కొలత: ఈ నెల పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను కాకినాడలో జిమ్ ట్రైనర్‌ని. నా దగ్గరికొచ్చే ఒకాయన బరువు 70 కిలోలు. వారానికి నాలుగు రోజులు శ్రద్ధగా బరువులెత్తుతారు, ఇంటి భోజనమే తింటారు. ఆర్నెల్లయినా కండ పట్టలేదు. ‘రోజూ పప్పు తింటున్నాగా, ప్రోటీన్‌కేం లోటు’ అంటారు. వే పౌడర్ (పాల విరుగుడు నీటి నుంచి తీసే ప్రోటీన్ పొడి) వద్దంటున్నారు. ఎంత కావాలి, ఎలా పూడ్చాలి?

జవాబు: హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం మామూలు పెద్దవాళ్లకు ఒంటి బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. అది ఆరోగ్యంగా ఉండటానికి. కండ పెంచాలంటే కిలోకు 1.6 గ్రాములు లక్ష్యంగా పెట్టుకోవాలి. 2.2 దాటాక పెట్టే ఖర్చుకు దక్కేది దాదాపు ఏమీ ఉండదు. అంటే మీ దగ్గరికొచ్చే ఆయనకు రోజుకు 112 గ్రాములు.

ఇక ఆయన కంచం చూద్దాం. పొద్దున నాలుగు ఇడ్లీలు, సాంబారు: 10 గ్రాములు. మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యం వండిన అన్నంలో 10, పప్పులో 6, కప్పు పెరుగులో 5. సాయంత్రం టీ, బిస్కెట్లు: 3. రాత్రి 100 గ్రాముల బియ్యంలో 7, ఒక గుడ్డు 6, పెరుగు 5. మొత్తం 52. మోసమంతా పప్పు దగ్గరే జరుగుతుంది. ఎండు కందిపప్పు 100 గ్రాముల్లో 22 గ్రాముల ప్రోటీన్ ఉన్న మాట నిజమే. కానీ ఒక మనిషి వంతుకు వచ్చేది 30 గ్రాముల పప్పే, మిగతాది నీళ్లు. ముద్దపప్పు అయితే ఆ మాత్రమైనా దక్కుతుంది. పప్పుచారు అయితే రెండు గరిటెలకు 3 గ్రాములు కూడా రావు.

పూడ్చడం కష్టమేం కాదు. ఇడ్లీలతో పాటు మూడు ఉడికించిన గుడ్లు (18), మధ్యాహ్నం కూరలో 40 గ్రాముల ఎండు మీల్ మేకర్ (20), సాయంత్రం బిస్కెట్లకు బదులు గుప్పెడు మీద గుప్పెడు, అంటే 50 గ్రాముల వేయించిన శనగలు (10), రాత్రి గుడ్డు తీసేసి 100 గ్రాముల చికెన్ (22). లెక్క 115 దగ్గరికి వస్తుంది. శాకాహారులైతే చికెన్ చోట 120 గ్రాముల పనీర్ వేసుకోవచ్చు. దాంతో పాటు 20 గ్రాములకు పైగా కొవ్వు కూడా వస్తుందని గుర్తుంచుకుని వేపుడు మానాలి.

ఇక్కడ ట్రైనర్లు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. చార్టులో ‘చికెన్ 100 గ్రాములు’ అని రాసిస్తారు, పచ్చిదా వండినదా చెప్పరు. 100 గ్రాముల పచ్చి చికెన్ వండితే 70, 75 గ్రాములవుతుంది. 100 గ్రాముల బియ్యం అన్నమయ్యేసరికి 280, 300 గ్రాములవుతుంది. ఒకటి కుంచించుకుపోతుంది, ఇంకోటి పొంగుతుంది. అందుకే అన్నీ పచ్చివిగా ఉన్నప్పుడే తూచమనండి. వంటింటి త్రాసు నెల రోజులు వాడితే చాలు, ఆ తర్వాత కంటికే కొలత తెలిసిపోతుంది.

పైన కలిపినవాటితో 550 కేలరీల దాకా పెరుగుతాయి. ఆయన బక్కపలచగా ఉంటే అదే కావాలి. పొట్ట ఉంటే మాత్రం రెండు పూటలా కలిపి 100 గ్రాముల బియ్యం తగ్గించండి, 350 కేలరీలు పోతాయి. మిగతాది కూరల్లో నూనె దగ్గర చూసుకోండి. ఒక టేబుల్ స్పూన్ నూనె 120 కేలరీలు, మన ఇళ్లలో వంకాయ వేపుడుకు ఎన్ని స్పూన్లు పోస్తారో మీకు చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: బెంచ్ ప్రెస్‌లో (బల్ల మీద వెల్లకిలా పడుకుని బార్ ఎత్తడం) రెండు నెలలుగా 50 కిలోల దగ్గరే ఆగిపోయాను. మూడు సెట్లలో 8, 7, 6 రెప్స్ (ఒక్కో సెట్టులో ఎత్తే సార్లు) వస్తాయి. 55 వేస్తే నాలుగుకే చేతులెత్తేస్తున్నాను. ఏం మార్చాలి? (డిగ్రీ విద్యార్థి, కర్నూలు)

జవాబు: మీ బలం ఆగలేదు, మీ జిమ్‌లో చిన్న ప్లేట్లు లేవు. 2.5 కిలోల ప్లేటే అన్నిటికన్నా చిన్నదైతే రెండు వైపులా కలిపి ఒక్కసారే 5 కిలోలు పెంచాలి. 100 కిలోల స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని గుంజీలా కూర్చుని లేవడం) చేసేవాడికి అది 5 శాతం, మీ బెంచ్‌కి 10 శాతం.

జిమ్‌లలో వాడే ఒక మోటు సూత్రం ఉంది: ఎత్తిన బరువును రెప్స్‌తో గుణించి 30తో భాగించండి, దానికి బరువును కలపండి. ఒక్క రెప్‌కి ఎంత ఎత్తగలరో సుమారుగా తెలుస్తుంది. మీ 50 కిలోలు, 8 రెప్స్‌కి అది 63 కిలోలు. ఆ బలంతో 55 కిలోలు వేస్తే నాలుగైదు రెప్సే వస్తాయి. మీకు వచ్చిందీ అంతే, అందులో వింతేం లేదు. అదే 50 కిలోలు 10 సార్లు ఎత్తగలిగిన రోజు లెక్క 66 దాటుతుంది. అప్పుడు 55 వేసినా ఆరు వస్తాయి. కాబట్టి 50 మీదే ఉండి మూడు సెట్లలోనూ 10, 10, 10 వచ్చేదాకా రెప్స్ పెంచండి. 55కి ఆ తర్వాతే వెళ్లండి. లేదా 1.25 కిలోల ప్లేట్లు ఒక జత కొని సంచిలో పెట్టుకు తిరగండి. జిమ్‌లో నవ్వితే నవ్వనీయండి.

బరువు పెంచే మెట్టు ఎంత ఉండాలన్నది పెద్ద పోటీల్లోనూ తేలని లెక్కే. 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తాక, చివరి ప్రయత్నానికి ఒకేసారి 7.5 కిలోలు పెంచి 137.5 కోరారు. అది నిలవలేదు. రెండూ కలిపి 240 కిలోలతో కాంస్యం వచ్చింది. స్వర్ణం, రజతం గెలిచిన ఇద్దరిదీ 242.5.

ఇంకో మూడు సంగతులు సరిచూసుకోండి. సెట్టుకూ సెట్టుకూ మధ్య నిమిషం కాదు, రెండున్నర మూడు నిమిషాలు ఆగాలి. 8, 7, 6 అని జారిపోవడానికి తరచూ కారణం అదే. వారానికి ఒక్కసారే ఛాతీ చేస్తుంటే ఆ సెట్లనే రెండు రోజులకు పంచండి. ఇక స్పాటర్, అంటే బార్ పడిపోకుండా వెనక నిలబడి కాచుకునేవాడి సంగతి. ‘నువ్వే, నువ్వే’ అంటూ రెండు వేళ్లు బార్ కింద పెట్టాడంటే ఆ రెప్ మీది కాదు. పుస్తకంలో రాయకండి.

ప్రశ్న: వరంగల్‌లో టీచర్‌ని, వయసు 42. స్క్వాట్ చేస్తుంటే మోకాళ్లు టకటకమంటున్నాయి. నొప్పి లేదు. మా ట్రైనర్ మోకాలు కాలివేళ్లు దాటకూడదంటాడు, అలా చేస్తే వెనక్కి పడిపోతున్నాను.

జవాబు: నొప్పి, వాపు లేని చప్పుడుకి భయపడక్కర్లేదు. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసి కదలకపోయినా, నడుస్తుంటే ఉన్నట్టుండి జారిపోతున్నట్టనిపించినా ఎముకల డాక్టర్‌కి చూపించాలి.

వేళ్లు దాటకూడదన్న నియమం వదిలేయండి. మనవాళ్లు గొంతుక్కూర్చుని అంట్లు తోమేటప్పుడు, నాట్లు వేసేచోట గట్టున కూర్చున్నప్పుడు మోకాళ్లు ఎక్కడున్నాయో చూడండి. మోకాలిని బలవంతంగా వెనక్కి ఆపితే నడుము ముందుకు వంగిపోతుంది, మోకాలి భారం నడుముకి ఎక్కుతుంది. తొడలు పొడవుగా ఉన్నవాళ్లయితే మీలా వెనక్కి పడతారు. పాదం మొత్తం నేలకు ఆనిందా, మోకాలు రెండో వేలి వైపే చూస్తోందా, చూసుకోవాల్సింది ఈ రెండే.

మడమలు లేస్తుంటే రెండు చిన్న ప్లేట్లు మడమల కింద పెట్టుకోండి. మొదటి మూడు వారాలు మామూలు చెక్క కుర్చీ మీదికి కూర్చుని లేవండి. 5, 6 కిలోల డంబెల్‌ని రెండు అరచేతులతో ఛాతీకి ఆనించుకుని మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి, కుర్చీ తగలగానే లేవాలి. ఎనిమిదేసి రెప్స్, మూడు సెట్లు, వారానికి రెండు రోజులు. అది తేలికయ్యాక కుర్చీ తీసి పీట పెట్టండి.

ప్రశ్న: పచ్చి గుడ్లు తాగితే బలమంటారు, నిజమేనా? (నల్గొండ)

జవాబు: ఉడికించిన గుడ్డులోని ప్రోటీన్ 90 శాతం దాకా ఒంటికి పడుతుంది. పచ్చిదానిలో దాదాపు సగమే. పైగా సాల్మొనెల్లా అనే బాక్టీరియా భయం. ఉడికించుకోండి.

ప్రశ్న: పలాసలో ఫిట్‌నెస్ ట్రైనర్‌ని. కండ కోసం క్రియాటిన్ పొడి వాడుతున్న ఒక కుర్రాడికి రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.4 వచ్చింది. వాళ్లింట్లో కిడ్నీలు పోయాయని గొడవ. ఏం చెప్పాలి?

జవాబు: ముందు ‘ఏం కాదు’ అని మాత్రం చెప్పకండి. కారణం చివర్లో చెబుతాం.

క్రియాటిన్ కండలో ఉండే పదార్థం. అది దానంతటదే విరిగి క్రియాటినిన్‌గా మారుతుంది, కిడ్నీలు దాన్ని బయటికి పంపుతాయి. కండ ఎక్కువున్నవాళ్లకు, ముందురోజు రాత్రి మాంసం గట్టిగా తిన్నవాళ్లకు, నిన్న కాళ్ల వ్యాయామం చేసి ఇవాళ రక్తం ఇచ్చినవాళ్లకు, క్రియాటిన్ పొడి వేసుకునేవాళ్లకు కిడ్నీలు బాగున్నా ఈ అంకె కొంచెం పైకి పోవచ్చు. రిపోర్టులో దాని కింద ఉండే ఇ.జి.ఎఫ్.ఆర్. (కిడ్నీలు రక్తాన్ని ఏమాత్రం వడకడుతున్నాయో చెప్పే అంచనా) కూడా ఇదే అంకె నుంచి కట్టిన లెక్క కాబట్టి అదీ తగ్గినట్టు కనిపిస్తుంది. రెండూ కలిసి భయపెడతాయి.

చేయాల్సింది ఇది. పొడి రెండు మూడు వారాలు ఆపాలి. పరీక్షకు ముందు రెండు రోజులు బరువులెత్తకూడదు, ముందు రాత్రి మాంసం వద్దు, నీళ్లు సరిగా తాగాలి. అప్పుడు క్రియాటినిన్‌తో పాటు సిస్టాటిన్-సి (కిడ్నీల పనితీరు చెప్పే మరో రక్తపరీక్ష), మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించాలి. సిస్టాటిన్-సికి క్రియాటిన్ పొడితో సంబంధం లేదు, కండతో కూడా పెద్దగా ఉండదు. మూడూ మామూలుగా వస్తే మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నది డాక్టర్‌ని అడిగి తేల్చుకోవచ్చు. బీపీ, షుగర్, ఒకే కిడ్నీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా అసలు మొదలుపెట్టకూడదు.

ఇక మీకు ప్రత్యేకంగా: మీది ఉద్దానం పక్క ఊరు. కవిటి, సోంపేట, పలాస చుట్టుపక్కల షుగర్, బీపీ లేని రైతుల్లో కూడా కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మీకు తెలిసిందే. దాని అసలు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. హైదరాబాద్ కుర్రాడికి 1.4 వస్తే ‘మళ్లీ పరీక్ష చేయిద్దాం’ అనుకోవచ్చు. మీ ప్రాంతంలో వస్తే మళ్లీ పరీక్షతో పాటు నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టర్) దగ్గరికి కూడా పంపాలి. కొత్తగా చేరే ప్రతివాళ్ల ఫారంలో ఊరి పేరు, ఇంట్లో కిడ్నీ జబ్బు చరిత్ర అడగండి.

ఆరోగ్యవంతులకు మోతాదు రోజుకు 3 నుంచి 5 గ్రాముల క్రియాటిన్ మోనోహైడ్రేట్. మొదటి వారం రోజుకు 20 గ్రాములు వేసుకునే పద్ధతి వల్ల ఒరిగేది తొందరే. కొందరికి విరేచనాలు కూడా పట్టుకుంటాయి. రోజుకు 3 గ్రాములతోనే నెల రోజుల్లో కండలో క్రియాటిన్ నిండుతుంది. మొదట్లో పెరిగే కిలో, రెండు కిలోలు నీటి బరువని ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ని నిలబడేదాకా ఎత్తడం) చేసిన ప్రతిసారీ నడుము పట్టేస్తోంది. ఎత్తేది 50 కిలోలే. మా జిమ్‌లో అన్నీ 10, 5 కిలోల చిన్న ప్లేట్లు. (మెడికల్ రిప్రజెంటేటివ్, రాజమహేంద్రవరం)

జవాబు: జవాబు మీ ప్రశ్న చివరి వాక్యంలోనే ఉంది. పోటీ ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు, అంటే బార్ నేల నుంచి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మీ 10 కిలోల ప్లేటుతో అది ఏడెనిమిది సెంటీమీటర్లు కిందికి దిగిపోతుంది. ఆ కాస్త దగ్గరే చాలామందికి తొడ వెనక కండరాలు పొడవు చాలక నడుము గుండ్రంగా వంగుతుంది. రెండు వైపులా ప్లేట్ల కింద సమాన ఎత్తున చెక్క దిమ్మలు పెట్టండి, బార్ మోకాలి చిప్పకు ఒక జానెడు కింద ఉండాలి. దిమ్మలు లేకపోతే ప్లేట్లే పడుకోబెట్టి పేర్చండి.

తర్వాత వరస. బార్ పాదం మధ్య మీదుగా రావాలి, పిక్కెముకకు రెండు వేళ్ల దూరం. వంగి పట్టుకోండి, బార్‌ని కదపకండి. పిక్కెముకలు బార్‌కి తాకేదాకా మోకాళ్లు వంచండి. ఛాతీ ఎత్తండి. పొట్టలోకి ఊపిరి తీసి, ఎవరో గుద్దబోతున్నట్టు బిగించండి. అప్పుడు ఒక్కసారిగా గుంజకుండా మెల్లగా పైకి లాగుతూ ఉంటే బార్, ప్లేటు రంధ్రం మధ్యనున్న ఖాళీ పోయి ‘టక్’మని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు విన్నాకే నేలను కాళ్లతో తన్నినట్టు లేవాలి. పిరుదులు ముందు లేచి భుజాలు వెనకబడితే బరువు ఎక్కువైందనో, బార్ ముందుకు దొర్లిందనో అర్థం.

నడుము కండ మరుసటి రోజు పులిసినట్టుండటం వేరు. నొప్పి పిరుదు దాటి కాల్లోకి దిగినా, పాదంలో తిమ్మిరి వచ్చినా బరువులు ఆపి డాక్టర్‌ని కలవండి.

ప్రశ్న: రంజాన్ నెలలో వ్యాయామం ఆపేయాలా? (పాతబస్తీ, హైదరాబాద్)

జవాబు: అక్కర్లేదు. బరువు అలాగే ఉంచి సెట్లు మూడో వంతు తగ్గించండి. నాలుగు రోజులు చేసేవాళ్లు మూడు చేస్తే సరిపోతుంది. ఇఫ్తార్‌లో ఖర్జూరం, నీళ్లు, తేలికగా ఏదైనా తీసుకుని గంటన్నర తర్వాత చేయడం మేలు. తరావీ (రాత్రి నమాజు) వల్ల కుదరకపోతే ఇఫ్తార్‌కి ముందు 40 నిమిషాలు, అదీ తేలికగా. సహర్‌లో (తెల్లవారకముందు తినే భోజనం) ఒట్టి పరాటాలు కాకుండా గుడ్లు, పెరుగు ఉండాలి. హలీంలో మాంసం, పప్పు రెండూ ఉంటాయి గానీ నెయ్యిని కూడా లెక్కలో వేయండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాను. ఇంట్లో బార్ 45 పౌండ్లు, ప్లేట్లు 45, 25, 10. మీ లెక్కలు కిలోల్లో ఉంటాయి, ఎలా మార్చుకోవాలి?

జవాబు: పౌండ్లను 2.2తో భాగించండి. మీ బార్ 20.4 కిలోలు, దాదాపు మా 20 కిలోల బారే. అటూ ఇటూ ఒక్కో 45 వేస్తే 135 పౌండ్లు, 61 కిలోలు. రెండేసి వేస్తే 225, అంటే 102 కిలోలు. 10కి 25కి మధ్య ఖాళీ పెద్దది, కాబట్టి 5, 2.5 పౌండ్ల జతలు కూడా కొనండి. 2.5 జతతో ఒకసారికి 5 పౌండ్లు, రెండుంపావు కిలోలు పెంచుకోవచ్చు. కర్నూలు కుర్రాడి కష్టం మీకుండదు.