నామమునా? నామములోనా?

సందేహం: మా అమ్మ ప్రార్థన ముగిస్తూ "యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ" అంటుంది. మా చర్చి యూత్ మీటింగుల్లో అందరూ "యేసు నామములో" అంటారు. కరపత్రంలో ఏది వేయాలి? "పేరిట" అంటే తప్పా?

సమాధానం: నా చెవికి మీ అమ్మగారి మాటే బాగుంది. బడిలో "అందున్, ఇందున్, నన్ సప్తమీ విభక్తి" అని వల్లె వేశాం చూడండి, ఆ 'న' ఇది. దానికి 'లోపల' అన్నదొక్కటే అర్థం కాదు. కాలినడకన వచ్చాడంటే నడక లోపల కూర్చుని వచ్చాడని కాదుగా! "మా తరఫున మాట్లాడు" అన్నప్పుడూ ఇదే 'న'.

చిన్నప్పుడు మా నాన్న కిరాణా కొట్టుకి పంపిస్తూ "నా పేరు చెప్పు, ఇస్తాడు" అనేవారు. చేతిలో పైసా ఉండేది కాదు, నా మొహం చూసి ఎవరూ అరువివ్వరు, అయినా ఆయన పేరు చెప్పగానే కందిపప్పు పొట్లం చేతికొచ్చేది. ప్రార్థనలో 'నామమున' అనేది కూడా ఇదే, నా అర్హత చూసి కాదు, ఆయన పేరు చూసి ఇవ్వమని.

'పేరులో' అంటే మనకి గుర్తొచ్చేది వేరు. "నీ పేరులో దీర్ఘం ఉందా?" అంటాం. యోహాను 14:13లో గ్రీకు మాట 'ఎన్', అంటే అచ్చంగా 'లో'నే, అయినా మన పాత బైబిలు అనువాదకులు "నా నామమున దేని నడుగుదురో" అని రాశారు. వాళ్ళ తెలుగు చెవికి దండం పెట్టాలి. మత్తయి 28:19లో మాత్రం గ్రీకు 'ఎయిస్'ని పట్టుకుని "నామములోనికి" అన్నారు, అది కాస్త గుచ్చుకుంటుంది. కతోలికులు సిలువ గుర్తు వేసుకుంటూ "పిత పుత్ర పవిత్రాత్మ నామమున" అనే అంటారు.

'పేరిట'కి వ్యాకరణ దోషం లేదు. నోరు నోట అయినట్టే పేరు పేరిట అయింది. కాకపోతే "ఇల్లు భార్య పేరిట రాశాడు" అని విని విని, నాకైతే అందులో రిజిస్ట్రారు ఆఫీసు వాసనే వస్తుంది.

'నామములో' ఇంతమంది నోట పాతుకుపోయాక తప్పనలేను, ప్రార్థన చేస్తున్నవాళ్ళని ఆపి విభక్తి దిద్దడం అంతకన్నా పెద్ద తప్పు. కరపత్రంలో మాత్రం 'నామమున' వేయండి. ఈమధ్య కొందరు 'నామంన' అని టైపు చేస్తున్నారు, అది వద్దు. 'నామము' ఉంచితే నామమున, 'నామం' చేస్తే నామాన.